కలిగిరి దగ్గర తగిలిన వాలుగ

డ్రిల్లు మాస్టారు దయాసాగర్‌కి జబ్బు చేసింది జబ్బకి. కుడి జబ్బకి. యాభై రెండేళ్ళపాటు ఏ పేచీ లేకుండా పైకి లేచిన చెయ్యి, ఒకరోజు పొద్దున బనీను తొడుక్కోబోతే చెవి దాకా వచ్చి ఆగిపోయింది. ఉదయగిరి పిల్లలందరిచేతా పాతికేళ్ళుగా చేతులు ఎత్తించిన మనిషి తన చెయ్యి తాను ఎత్తుకోలేక, భార్య రెబెకమ్మ చేత తల దువ్వించుకున్నాడు. పేరులో సాగరం ఉంది గానీ భుజంలో సాగడం లేదు. నలభై అయిదు రోజులు మెడికల్ లీవు రాశారు.

బనీను లేకపోయినా బతకొచ్చు. వల లేకుండా ఎట్లా? దయాసాగర్ పుట్టింది ఆత్మకూరు దగ్గర పెన్న ఒడ్డు పల్లెలో. పదేళ్ళ వయసు నుంచీ విసురువల వేసిన చెయ్యి అది. ఉద్యోగం ఉదయగిరి కొండ కింద, ప్రాణం పెన్న ఇసకలో. భుజం బిగుసుకుంటున్న మొదటి రోజుల్లో మొండికి పోయి వల విసిరితే, అది నీళ్ళలో ఏదో మొద్దుకి చిక్కుకుంది. వలతాడు మణికట్టుకి కట్టుకుని ఉన్నాడాయె, చెయ్యి లేవలేదు, మనిషి మునిగాడు. పక్కనే ఉన్న చిన్ననాటి స్నేహితుడు రామనారాయణ చొక్కా పట్టుకుని బయటికి లాగకపోతే ఈ కథ ఇక్కడితో సరి. ఆ రోజు ఆ వల వల్ల రెబెకమ్మ వలవలా ఏడ్చింది. ఏడుపయ్యాక, ఇంక పెన్న మొహం చూడటానికి వీల్లేదంది.

అప్పుడు రంగంలోకి దిగింది కూతురు జెస్సికా. నెల్లూరులో ఫిజియోథెరపిస్టు. ఊళ్ళో వాళ్ళ కీళ్ళన్నీ సవరించే పిల్ల, ఇంట్లో కీలు బిగుసుకుంటే ఊరుకుంటుందా?

"డాడీ, కుడిచెయ్యి ఒంటరిగా ఎత్తొద్దు. రెండు చేతులూ కలిసి చేసే పని ఏదన్నా రోజూ చెయ్."

"రెండు చేతుల్తో చేసే పని ఏముండాది? దణ్ణం పెట్టుకోవడమా?"

"చేపలు పట్టడం."

దయాసాగర్ చటుక్కున లేచి కూర్చున్నాడు. భుజం నొప్పి లేవాలన్న సంగతి కూడా మర్చిపోయింది.

జెస్సికా అంతకుముందే ఆస్పత్రి స్నేహితులతో కావేరికి వెళ్ళి ఆ విద్య నేర్చుకొచ్చింది. నాలుగు ముక్కలుగా విడిపోయే పదమూడడుగుల కర్ర. దానికో రీలు. రీలు నిండా పసుపుపచ్చటి లావాటి దారం. ఆ దారం చివర సన్నటి కొసదారం, దాని చివర గాలానికి కోడి ఈక, మేక వెంట్రుకలు చుట్టి చేసిన బొమ్మ ఈగ. ఈకతో ఈగ. మామూలు గాలంలో ముల్లు బరువుకి దారం పోతుంది, ఇక్కడ దారం బరువుకి ముల్లు పోతుంది. కర్రని రెండు చేతులతో పట్టుకోవాలి కాబట్టి పైచెయ్యి భుజం దాటి లేవనక్కర్లేదు. కర్ర జెస్సికాది కాదు, ఆమెతో పనిచేసే ఏంజెలిన్‌ది. అడిగి తెచ్చింది.

రెబెకమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత షరతు పెట్టింది.

"మీకు ఆరు శనివారాలు ఇస్తాండా. నేనూ వస్తా, గట్టు మీద కూచుంటా. ఆరో శనివారం పొద్దుగూకేలోపల ఒక్క చేపన్నా ఈ కర్రతో పట్టాల. పడలేదనుకో, ఇంక యేటి మాట ఎత్తకూడదు."

"చేప పడకపోతే ఏమైంది లేమ్మా, చెయ్యి బాగవుతుంది కదా" అంది జెస్సికా.

"నీకు మీ నాయన సంగతి తెలవదు. దీంతో చేప పడకపోతే ఆయన బుద్ధి మళ్ళీ వల మీదకే పోతాది. ఇంకోతూరి మునిగితే లాగేదానికి ఆ రామనారాయణన్న పక్కనే ఉంటాడా?"

"ఎత్తనులే" అన్నాడు దయాసాగర్. చెయ్యే ఎత్తలేనివాడికి మాట ఎత్తకపోవడం ఒక లెక్కా! పైకి అట్లా అన్నాడు గానీ లోపల గుబులు పుట్టింది. పెన్న లేని శనివారాలు జీవితాంతం ఎట్లా ఉంటాయో ఊహించుకోబోయి మానుకున్నాడు.

మొదటి శనివారం ఉదయగిరిలోనే, కొండ కింద ఖాళీ మైదానంలో సాధన అన్నాడు దయాసాగర్. "ఏ ఆటైనా ముందు గ్రౌండ్లోనే నేర్చుకోవాల" అన్నది ఆయన పాతికేళ్ళ సిద్ధాంతం. ఇది నీళ్ళ మీద నేర్చుకోవాల్సిందని జెస్సికా మూడుసార్లు చెప్పింది. డ్రిల్లు మాస్టారికి ఎదుటివాళ్ళు చెబితే వినడం అలవాటు లేదు. చెప్పడమే అలవాటు.

ఈ విసురులో కీలకం ఒకటుంది. దారాన్ని నీళ్ళ మీద నుంచి లేపి పక్కకి తిప్పితే, వీపు వెనక అది పెద్ద సున్నాలా ఉబ్బుతుంది. కొస మాత్రం ఇంకా నీళ్ళని అంటిపెట్టుకునే ఉండాలి. నీళ్ళు ఆ కొసని పట్టుకుంటేనే కర్ర విల్లులా వంగుతుంది. అప్పుడు కిందిచెయ్యి పొట్టవైపు లాగితే దారం రివ్వున ముందుకి పోతుంది. పట్టుకునే నీళ్ళు లేకపోతే?

పొడి నేల మీద దారం జర్రున జారింది. కొస వచ్చి మాస్టారి వీపునే చరిచింది. ముల్లు బదులు ఎర్ర ఉన్ని ముక్క కట్టారు కాబట్టి సరిపోయింది. ఇంకోసారి చరిచింది. పన్నెండోసారికి మేకలు మేపుకుంటున్న నారాయణయ్య దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏంది సారూ, మిమ్మల్ని మీరే కొట్టుకుంటాండారు? ఏం తప్పు చేసినారు?"

మాస్టారికి రోషం వచ్చింది. నీళ్ళు కావాలి, అంతే కదా! రెండో శనివారం ఆటోలో పెద్ద డ్రమ్ము నిండా నీళ్ళు తెచ్చి మైదానంలో కుమ్మరించాడు. ఉదయగిరి నేల ఎన్నేళ్ళ దాహంతో ఉందో, ఆయన కర్ర అందుకునేలోపలే మొత్తం పీల్చేసింది. ఇంకో డ్రమ్ము. అదీ గుటుక్కుమంది. మూడో డ్రమ్ము దించుతుండగా వెనక గలగలమని చప్పుడైంది. తిరిగి చూస్తే పదకొండు బిందెలు వరసగా ఉన్నాయి. బిందెల వెనక పదకొండు మంది ఆడవాళ్ళు.

"నీళ్ళొచ్చినాయంటనే?"

"ఆ సారు నేలపాలు చేస్తాండాడు చూడండి!"

"సారూ, నేలకి పోసింది చాల్లే, ఇటు పొయ్యి!"

మూడో డ్రమ్ము బిందెల్లోకి పోయింది. నాలుగోది కూడా తెప్పించమన్నారు, తెప్పించాడు. రెండు శనివారాలు ఖర్చయి, దయాసాగర్ సంపాదించింది వీపు మీద వాతలు, వార్డులో మంచిపేరు. ఈగ ఎగరలేదు, ఈగో మిగిలింది. జెస్సికా కర్రని నాలుగు ముక్కలు చేసి సంచిలో పెట్టింది. 

మూడో శనివారం ముగ్గురూ బస్సెక్కి ఆత్మకూరు, అక్కడినుంచి ఆటోలో పెన్నకి. రామనారాయణ పొలం యేటి గట్టునే. ఆయన పంచె ఎగగట్టి, తుండుగుడ్డ తలకి చుట్టి, స్నేహితుణ్ణి చూసి నవ్వడానికి పొద్దున్నే సిద్ధమై కూర్చున్నాడు.

"ఏరా సాగరా, నీకిచ్చింది మెడికల్ లీవా, మీనికల్ లీవా?"

"నవ్వుకోరా. నవ్వితే నలుగురికీ ఆరోగ్యం."

"ఆ కర్రేందిరా అంత పొడుగు? మామిడికాయలు కోసుకునేదానికా?"

దయాసాగర్ మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. పిక్కల మీదుగా నీళ్ళు పాకుతుంటే ఒళ్ళంతా గుర్తుపట్టింది. కింద ఇసక మెత్తగా కదిలింది. దారం నీళ్ళ మీద పరిచాడు, లేపాడు, తిప్పాడు. వెనక సున్నా ఉబ్బింది, కొసని పెన్న పట్టుకుంది. మైదానంలో డ్రమ్ములు కుమ్మరించినా దొరకని పట్టు ఇక్కడ ఉచితంగా దొరికింది! కిందిచెయ్యి పొట్టకి లాగాడు. పసుపుపచ్చ దారం విప్పుకుంటూ విప్పుకుంటూ పోయి, నలభై అడుగుల అవతల ఈగని మెల్లిగా నీళ్ళ మీద పెట్టింది.

భుజం కిక్కురుమనలేదు.

"డాడీ!" అని గట్టు మీద జెస్సికా ఎగిరి గంతేసింది. రామనారాయణ తలగుడ్డ విప్పి గాల్లో తిప్పాడు. దయాసాగర్‌కి నవ్వు ఆగలేదు. ఇన్నాళ్ళూ డ్రిల్లు చెప్పినవాడికి ఇప్పుడు తెలిసింది థ్రిల్లు.

సాయంత్రానికి యాభై అడుగులు. నాలుగో శనివారానికి అరవై. కాని చేప మాత్రం ఒక్కటీ లేదు.

ఎందుకు లేదో జెస్సికాకి మొదటి గంటలోనే అర్థమైంది. ఈగని ప్రవాహానికి అడ్డంగా అవతలికి వేశాక, దాన్ని వదిలెయ్యాలి. ప్రవాహమే దాన్ని నెమ్మదిగా ఈతకొట్టిస్తూ, యేటికి అడ్డంగా ఊపుకుంటూ ఇవతలి ఒడ్డుకి తీసుకొస్తుంది. ఆ ఊపులోనే చేప అందుకుంటుంది. దయాసాగర్ చేతులకి నలభై రెండేళ్ళ వల అలవాటు. వల వేశాక మునగనిచ్చి, ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి లాగాలి. ఈగ నీళ్ళలో పడటం, ఒకటి రెండు మూడు, బర్రున లాగడం. మళ్ళీ వేయడం, మళ్ళీ లాగడం.

"వదిలెయ్ డాడీ. నువ్వేం చెయ్యొద్దు."

"నేనేం చెయ్యడం లా!"

"లాగతాండావు కదా!"

"నేను కాదు, చెయ్యి లాగతాండాది."

అయిదో శనివారం చేతులు కట్టేసుకున్నంత పని చేశాడు. నాలుగు లెక్కపెట్టేదాకా ఓర్చుకుని అయిదుకి లాగాడు. విసరడం నేర్పు, వదలడం ఓర్పు. నేర్పు వచ్చింది గానీ ఓర్పు ఇంకా ఉదయగిరి బస్సు దిగలేదు. తిరుగు ప్రయాణంలో రెబెకమ్మ ఒకసారి భర్త మొహం చూసి, సంచిలోంచి జంతిక తీసి చేతిలో పెట్టింది. షరతు మాత్రం సడలించలేదు.

ఆరో శనివారం వచ్చింది. పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా దయాసాగర్ వేశాడు, లాగాడు. వేశాడు, లాగాడు. రామనారాయణ కూడా వెక్కిరించడం మానేశాడు. స్నేహితుడు వెక్కిరించడం మానేశాడంటే పరిస్థితి ఎంత చెడిందో దయాసాగర్‌కి బాగా తెలిసింది. పొద్దుగూకితే ఈ నీళ్ళతో సంబంధం ఆఖరు. ఎదురుగా అవతలి ఒడ్డున వరిచేల మీద కొంగలు లేచి వాలుతున్నాయి. వాటికి ఎవరూ షరతులు పెట్టలేదు.

గట్టు మీద రెబెకమ్మ పట్టా పరిచింది. క్యారియరు గిన్నెలు విప్పింది.

"అన్నానికి రాండి. ప్రార్థన చేసుకుందాం."

అప్పుడే దయాసాగర్ కిందిచెయ్యి పొట్టకి లాగి వదిలాడు. ఈ ఆరు శనివారాల్లోకీ దూరం పోయిన విసురు అది. ఈగ అవతలి లోతట్టులో పడింది. "ఇదొక్కటి లాగి..." అనబోయాడు.

"కృపగల మా పరలోకపు తండ్రీ" అని రెబెకమ్మ అప్పటికే మొదలుపెట్టేసింది.

ఇక్కడ రెబెకమ్మ ప్రార్థన గురించి ఒక మాట. ఆ బాప్టిస్టు ఇంట్లో ప్రార్థన మొదలైతే గాలి కూడా నిలబడాల్సిందే. ఎవరు ఎక్కడుంటే అక్కడే, ఎట్లా ఉంటే అట్లాగే, కళ్ళు మూసుకుని కదలకుండా ఉండాలి. ఒకసారి ప్రార్థన మధ్యలో దయాసాగర్ దోమని కొడితే ఆమె మూడు రోజులు మాట్లాడలేదు. పైగా ఆ ప్రార్థన పొట్టిది కాదు. అది ఉదయగిరిలో బయలుదేరి ఊరూరా ఆగుతుంది. ప్రతి ఊళ్ళోనూ బంధువులు ఎక్కుతారు. వింజమూరు, కలిగిరి, ఆత్మకూరు తిరిగి సంగంలో ఆగుతుంది. అంత చుట్టుదారి ఏ ఆర్టీసీ బస్సూ తిరగదు.

దయాసాగర్ కళ్ళు మూసుకున్నాడు. రెండు చేతుల్లో కర్ర, మోకాళ్ళ దాకా నీళ్ళు. ఒకటి, రెండు, మూడు. చేతులు జిలపెట్టాయి. కదిలితే పాపం, కదలకపోతే శాపం! నాలుగు. అయిదు.

"ఉదయగిరిలో మా సంఘమును, కాపరి గారిని, చర్చి పైకప్పును జ్ఞాపకము చేసుకొనుచున్నాము..."

ప్రవాహం దారాన్ని నెమ్మదిగా ఊపుతున్న సంగతి వేళ్ళకి తెలుస్తోంది. ఇంతకుముందు ఎప్పుడూ తెలియలేదు. తెలిసేదాకా ఎప్పుడూ ఆగలేదు మరి.

"వింజమూరులో మా అక్క వెంకమ్మ గారి మోకాళ్ళను ముట్టుము ప్రభువా. ఎడమది విశేషముగా ముట్టుము..."

ఈగ యేటి నడుమకి వచ్చి ఉంటుందనుకున్నాడు దయాసాగర్. ఈ క్షణాన లాగమని చేతులు అడగలేదు. ఎందుకో అవి కూడా వింటున్నాయి.

"కలిగిరిలో మా తమ్ముడు మస్తానయ్య రెండో కొడుక్కి ఉద్యోగమును..."

ధబ్!

కర్ర చేతుల్లోంచి ఎగిరిపోయినంత పనైంది. రీలు గిర్రుమని అరిచింది. ఒక్క గిర్రు కాదు, గిర్ర్ర్ర్ర్ మని ఆపకుండా, సైకిలు గంట పిచ్చెక్కినట్టు.

నలుగురిలో కళ్ళు తెరిచి ఉన్నది రామనారాయణ ఒక్కడే. ఆయన ఈ ప్రార్థనల మనిషి కాదు. అయినా మర్యాద కోసం చేతులు కట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డాడు. పసుపు దారం నీళ్ళని కోసుకుంటూ పోవడం చూశాడు. కర్ర అర్ధచంద్రంలా వంగడం చూశాడు. అవతల ఏదో వెండిలా మెరిసి మునగడం చూశాడు. చెల్లెమ్మ ప్రార్థన మధ్యలో అరవకూడదు. అరవకపోతే ప్రాణం పోయేట్టుంది. కళ్ళు మూసుకున్న దయాసాగర్‌కి చేతులతో సైగలు చేశాడు. ప్రయోజనం లేక జెస్సికాకి చేశాడు. జెస్సికా ఒక కన్ను తెరిచి, అమ్మవైపు చూసి, మళ్ళీ మూసేసి పెదవి కొరుక్కుంది.

రెబెకమ్మ కళ్ళు విప్పలేదు. గొంతు కాస్త పెంచింది.

"ఈ సమయమందు ఆ యంత్రముతో చప్పుడు చేయుచున్న వానికి ఓర్పును అనుగ్రహించుము తండ్రీ."

దయాసాగర్‌కి ఉన్న నలభై రెండేళ్ళ అలవాటు 'లాగు లాగు' అని కేకలు పెట్టింది. చెయ్యి కదిలిందా, రెబెకమ్మ! కర్ర అడుగుని పొట్టకి ఆనించుకుని, రెండు చేతులతో ఊరికే పట్టుకుని నిలబడ్డాడు. చేప పోతానంటే పోనిచ్చాడు. రీలు తిరిగితే తిరగనిచ్చాడు. లాగి ఉంటే ఆ సన్నటి కొసదారం పుటుక్కుమనేది. అది ఆయనకి తర్వాత తెలిసింది.

ఆత్మకూరులో సుజన కాన్పు సుఖముగా అయ్యే వేళకి గిర్రు కాస్త నెమ్మదించింది. సంగంలో ఆటో నడుపు సైమన్ కొరకును, రోడ్ల మీద గుంటల కొరకును ప్రార్థించే వేళకి చేప అలసి, ఒకచోట బరువుగా నిలిచింది.

"...యేసు నామమున అడిగి పొందియున్నాము తండ్రీ, ఆమేన్."

"ఆమేన్!" అన్నాడు దయాసాగర్.

"ఆమేనేందిరా, ఆ మీను చూడరా!" అని రామనారాయణ ఇంతసేపు దాచుకున్న కేకంతా ఒకేసారి పెట్టేశాడు. కొంగలు లేచిపోయాయి.

"డాడీ, లాగొద్దు! వెనక్కి నడువు, మెల్లిగా!"

దయాసాగర్ వెనక్కి నడిచాడు. చేప పోతే పోనిచ్చాడు, ఆగితే రీలు చుట్టాడు. రామనారాయణ పంచెతో సహా నడుం లోతుకి దూకి, తలగుడ్డని చేప కిందకి తోశాడు. మొదటిసారి చేప తప్పుకుంది, తలగుడ్డ కొట్టుకుపోయింది. "పోతే పోనీరా గుడ్డ!" అని ఈసారి పై చొక్కా విప్పి తోశాడు. ఇద్దరూ కలిసి ఇసక మీదకి చేర్చారు.

వాలుగ! రెండు పొడుగాటి మీసాలు, చెవుల దాకా చీలిన నోరు, కిటికీ పక్క సీటు ఇంకొకడికి పోయిన ప్రయాణికుడి మొహం. అయిదు కేజీలకి తగ్గదు.

దయాసాగర్ ఇసకలో చతికిలబడి చేప మీద చెయ్యి వేశాడు.  రామనారాయణకి మాత్రం ధర్మసందేహం పుట్టింది.

"అది సరే, దీన్ని ఎవరు పట్టినట్టు? వీడు కళ్ళు మూసుకుని నిలబడుండాడు. పట్టించింది చెల్లెమ్మ. నాకు తెలిసి ఇది వీడి లెక్కలోకి రాదు."

"పెద్దనాయనా!" అంది జెస్సికా.

"న్యాయం న్యాయమే కదమ్మా!"

అందరూ రెబెకమ్మ వైపు చూశారు. దయాసాగర్ అందరికంటే ఎక్కువ చూశాడు. ఆమె గట్టు దిగి వచ్చి చేపని చూసింది, కర్రని చూసింది, తడిసి ముద్దయిన మొగుణ్ణి చూసింది.

"కాపురానికొచ్చి ఇరవై తొమ్మిదేళ్ళు" అంది. "ఈయన దేన్నయినా లాక్కోకుండా నిలబడేది ఇదే చూడటం. కర్ర ఆయన చేతిలోనే ఉండాది. చేపా ఆయనదే."

"అంటే?" అన్నాడు దయాసాగర్.

"అంటే ఏంది, వచ్చే శనివారం కూడా క్యారియరు కట్టాల నేను."

దయాసాగర్ లేచి రామనారాయణని కౌగిలించుకున్నాడు. కుడిచెయ్యి స్నేహితుడి మెడ దాటి అవతలికి పోయిన సంగతి ఆయన గమనించలేదు. జెస్సికా గమనించి, చెబితే మళ్ళీ దించేస్తాడేమోనని ఊరుకుంది.

"అన్నం చల్లారిపోతాంది" అంది రెబెకమ్మ.

"ఒక్కటంటే ఒక్కటి" అని దయాసాగర్ అప్పటికే నీళ్ళలో ఉన్నాడు. దారం లేచింది, తిరిగింది, రివ్వున పోయింది. ఈసారి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. పసుపు దారం యేటికి అడ్డంగా ఊగుతూ రావడం మొదటిసారి చూశాడు. ఇంత బాగుంటుందా! నాలుగు వారాలు దీన్ని సగంలో తెంపేశానా! ఈగ ఒడ్డు దాకా వచ్చింది. ఏ చేపా ముట్టలేదు. ఆయన చేతులు కదలలేదు.

వెనక నీళ్ళ చప్పుడైతే తిరిగి చూశాడు. రెబెకమ్మ చెప్పులు ఇసకలో విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, చీలమండల లోతులో నిలబడి ఉంది.

"ఇట్లా రావచ్చునా? జారతాదా?"

"జారదు. రా, చెయ్యియ్యి."

"నువ్వు కర్ర పట్టుకో, రెండు చేతుల్తో. నేను నీ చొక్కా పట్టుకుంటా."